పాత నోట్సుకి కొత్త లేబుల్: మీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కోర్సుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఆన్‌లైన్ కోచింగ్‌లో తప్పుల తడక మెటీరియల్, ఫీజు వాపసు గురించి.

నమస్కారం.

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో పదకొండో తరగతి చదువుతోంది. స్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంది. అక్టోబర్‌లో మీ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అవతలి అబ్బాయి చక్కటి తెలుగులో, "మేడమ్, మీ పాపకి ఫైవ్ తెప్పించే బాధ్యత మాది" అన్నాడు. ఫైవ్ అంటే ఏపీ పరీక్షలో వచ్చే అత్యధిక స్కోరు. మే నెలలో పరీక్ష అయ్యేదాకా వారానికి రెండు లైవ్ క్లాసులు, మాక్ టెస్టులు, రాసిన జవాబులు దిద్ది పంపడం, అన్నీ కలిపి 680 డాలర్లన్నాడు. మొత్తం ఒకేసారి కట్టేశాం. అమ్మింది తెలుగులో కాబట్టి ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో పెట్టిన మూడు టికెట్లకి "సమస్య పరిష్కరించబడింది" అని రాసి మూసేశారు. ఏం పరిష్కరించారో ఇంతవరకూ మాకు తెలియలేదు.

మొదటి నెల నేనేమీ పట్టించుకోలేదు. పిల్ల క్లాసులకి కూర్చుంటోంది, అంతే చాలనుకున్నాను. ఒకరోజు రాత్రి లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, స్కూల్లో మా టీచర్ ఒకటి చెప్తారు, వీళ్లు ఇంకోటి చెప్తారు. నేను ఏది రాయాలి?" అంది. ఆ రోజు నుంచి మీ మెటీరియల్ దాని పక్కన కూర్చుని నేనూ చూడటం మొదలుపెట్టాను.

ముందు ఆ ప్రశ్న సంగతే చెప్తాను. ఎరువులు వేసిన పొలాల నీరు చెరువులో కలిస్తే, అందులోని ఆక్సిజన్‌కి ఏమవుతుంది, చేపలు ఎందుకు చచ్చిపోతాయి, వివరించమని అడిగారు. మూడు మార్కులు. మా అమ్మాయి రాసింది ఇదీ: నైట్రోజన్, ఫాస్ఫరస్ చేరడం వల్ల నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు చచ్చాక బ్యాక్టీరియా దాన్ని కుళ్లబెడుతూ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. ఆక్సిజన్ చాలక చేపలు చస్తాయి. మీ టీచర్ దీనికి ఒక్క మార్కు వేసి, పక్కన ఎర్ర అక్షరాలతో "నాచు విషం వల్ల చేపలు చనిపోతాయి, ఈ పాయింట్ లేదు" అని రాశారు. కొన్ని రకాల నాచు విషాన్ని విడుదల చేసే మాట నిజమే, కాదనను. కానీ ప్రశ్న అడిగింది ఆక్సిజన్ గురించి కదండీ. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏటా వేసవిలో ఏర్పడే డెడ్ జోన్‌కి కారణం ఈ ఆక్సిజన్ కరువే. ఈ సబ్జెక్టులో పిల్లలకి చెప్పే ప్రాథమిక పాఠాల్లో అదొకటి. పిల్ల వరుస తప్పకుండా సరిగ్గా రాస్తే రెండు మార్కులు కోసి, తర్వాతి టెస్టులో విషం గురించి రాసేలా చేశారు. ఆ రెండో జవాబు కూడా నా దగ్గరుంది. దానికి మూడుకి మూడు వేశారు.

ఇక జనాభా లెక్క. ఏటా 1.4 శాతం పెరిగే జనాభా ఎన్నేళ్లలో రెట్టింపవుతుంది? డెబ్బైని 1.4తో భాగిస్తే 50 ఏళ్లు. రూల్ ఆఫ్ 70 అంటారు, ఈ కోర్సులో చేరిన ప్రతి పిల్లకీ నోటికొచ్చే సూత్రం. మీ కీలో జవాబు 71 ఏళ్లు. ఎలా వచ్చిందా అని నేనూ మా అమ్మాయీ చాలాసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. చివరికి తేలింది ఏమిటంటే, మీవాళ్లు వందని 1.4తో భాగించారు. అంటే జనాభా ప్రతి ఏడూ మొదటి ఏడాది లెక్క మీదే పెరుగుతుందనుకున్నారు. నేను సైన్స్ చదివినదాన్ని కాదు. కానీ చక్రవడ్డీకీ మామూలు వడ్డీకీ తేడా మా ఊళ్లో అప్పులిచ్చే వాళ్లందరికీ తెలుసు.

ఓజోన్ ప్రశ్న చూశాక ఇక ఊరుకోలేకపోయాను. "భూతాపానికి ప్రధాన కారణం" అన్నదానికి మీ కీలో సరైన జవాబు "ఓజోన్ పొరకి రంధ్రం". కార్బన్ డయాక్సైడ్ అని పెట్టిన మా అమ్మాయికి సున్నా. స్ట్రాటోస్ఫియర్‌లోని ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాలని. దాన్ని దెబ్బతీసింది సీఎఫ్‌సీలు (ఒకప్పుడు ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు), వాటికి అడ్డుకట్ట వేయడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. భూమి వేడెక్కడం వేరే కథ: కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు భూమి నుంచి వెనక్కి పోవాల్సిన వేడిని పట్టి ఉంచడం. సీఎఫ్‌సీలు కూడా వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి ఎక్కడో ఎవరో తికమకపడి ఉండొచ్చు. అయితే ఈ రెండింటినీ కలిపేయొద్దని స్కూల్లో టీచర్లు మొత్తుకుని చెప్పే తప్పునే మీరు సరైన జవాబుగా పెట్టి కూర్చున్నారు.

చట్టాల పాఠం సంగతి సరేసరి. పరీక్షలో వచ్చేవి అమెరికా చట్టాలు: 1970 క్లీన్ ఎయిర్ యాక్ట్, 1972 క్లీన్ వాటర్ యాక్ట్, 1973 ఎండేంజర్డ్ స్పీసీస్ యాక్ట్, విషపు వ్యర్థాలు పేరుకున్న స్థలాల్ని శుభ్రం చేయించడానికి 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం లాంటివి. మీ స్లైడ్లలో చిప్కో ఉద్యమం, భోపాల్ దుర్ఘటన, ఆ తర్వాత ఇండియాలో వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఉన్నాయి. అవి చూసి మా ఆయన "వీళ్లు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకున్నట్టున్నారు" అన్నారు. నవ్వొచ్చింది గానీ, డబ్బు కట్టింది మేమే. నిజం చెప్పాలంటే, చిప్కో గురించి మా అమ్మాయికి తెలిసినందుకు నాకు సంతోషమే. దానికి 680 డాలర్లు అక్కర్లేదు, నేనే చెప్పేదాన్ని.

మాక్ టెస్టుల పద్ధతి కూడా పాతదే. మీ పేపర్లో 100 ప్రశ్నలకి 90 నిమిషాలు, రాసే ప్రశ్నలు నాలుగు, పైన పెద్ద అక్షరాలతో "కాలిక్యులేటర్ వాడరాదు". ఈ పద్ధతి 2019-20 విద్యా సంవత్సరంలోనే మారిపోయింది. ఇప్పుడు 80 ప్రశ్నలకి 90 నిమిషాలు, 60 శాతం మార్కులు. రాసే ప్రశ్నలు మూడు, 70 నిమిషాలు, 40 శాతం మార్కులు. కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మీ టెస్టులో ఒక్కో ప్రశ్నకి 54 సెకన్లు దొరికితే, అసలు పరీక్షలో 67 సెకన్లు దాటి దొరుకుతాయి. టైమ్ చాలట్లేదని నా కూతురు రెండు నెలలు టెన్షన్ పడింది. మూడు వారాంతాలు కూర్చుని దశాంశాల భాగహారాలు చేత్తో చేయడం ప్రాక్టీసు చేసింది. ఎందుకు చేయించారో మీరే చెప్పాలి.

వర్చువల్ ల్యాబ్ గురించి ఎక్కువ రాయను. ల్యాబ్ అన్నారు, తీరా చూస్తే ఎవరో ఉప్పునీళ్లలో విత్తనాలు మొలకెత్తించే నాలుగు నిమిషాల వీడియో. ఎన్ని మొలిచాయో అంకెలు కూడా లేవు. ప్రయోగం ఎలా రూపొందించాలో అడిగే ప్రశ్న పరీక్షలో తప్పకుండా ఉంటుందని తెలిసి కూడా ఇలా చేశారంటే ఏమనుకోవాలి?

ఇవన్నీ చాట్‌లో అడిగితే మీ ప్రతినిధి, "మేడమ్, మా మెటీరియల్ ఎక్స్‌పర్ట్స్ తయారుచేసింది, తప్పులుండవు" అన్నారు. రిఫండ్ అడిగితే, మెటీరియల్ డౌన్‌లోడ్ అయింది కాబట్టి కుదరదన్నారు. డౌన్‌లోడ్ చేస్తేనే కదండీ తప్పులు కనపడేది.

ఇప్పుడు మాకు కావాల్సింది చెప్తాను. కోర్సులో మిగిలిన నెలలకి మాత్రమే కాదు, మొత్తం 680 డాలర్లూ వెనక్కి ఇవ్వాలి, ఎందుకంటే జరిగిన నెలల పాఠాలు కూడా ఇప్పుడు స్కూల్ నోట్సు ముందు పెట్టుకుని మళ్లీ మొదట్నుంచీ సరిచూసుకుంటున్నాం. మీ దగ్గర ఇదే కోర్సు తీసుకున్న మిగతా పిల్లలందరికీ తప్పు జవాబుల జాబితా, సరైన జవాబులతో సహా, పరీక్షకి ముందే పంపాలి. డబ్బు విషయంలో కాస్త ఆలస్యమైనా ఓపిక పడతాను గానీ ఈ విషయంలో పట్టలేను. వాళ్లలో ఎంతమంది ఓజోన్ రంధ్రం అని రాయబోతున్నారో మరి. మీ వెబ్‌సైట్‌లో "తాజా సిలబస్ ప్రకారం" అన్న మాట కూడా తీసేయండి.

ఈ లేఖ అందిన పది రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మళ్లీ టికెట్ మూసేస్తే క్రెడిట్ కార్డు కంపెనీ దగ్గర ఈ చెల్లింపుని డిస్‌ప్యూట్ చేస్తాను. ఫోన్ మాత్రం చేయొద్దు, ఫోన్లో తీయటి మాటలు ఒకసారి విన్నాం.

ఇట్లు,
మీ కోర్సులో చేరిన ఒక విద్యార్థిని తల్లి

జతపరిచినవి: చెల్లింపు రసీదు, దిద్దిన రెండు జవాబు పత్రాలు, జనాభా, ఓజోన్ ప్రశ్నల కీ ఉన్న పేజీలు, మూసేసిన మూడు టికెట్ల కాపీలు.