నాయనకు చదివి వినిపించు

అమ్మా,

నేను బాగుండాను. ఇక్కడ మధ్యాన్నం మూడున్నరకే పొద్దు గూకుతాంది. ఊరిబిండి అయిపోయింది, చెనిక్కాయల పొడి ఒక డబ్బా దాపెట్టుకున్న. ల్యాబు పని మామూలే.

నిన్న ఫోన్లో ఊరికే అన్నట్ల అన్యావే, మీ నాయనకు మూత్రంలో మంట మళ్లా వచ్చింది, షాపాయప్ప ఇచ్చిన మాత్రలు ఈసారి పన్జేయలే, మిగిలినవి చిన్నాయనకిచ్చినా అని. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలే. ఫోన్లో చెప్తే నాయన సర్లే అని పెట్టేస్తాడు, అందుకే రాస్తాండా.

తోడు లేనప్పుడు పక్కింటక్క కాడ ఒక గరిటె పెరుగు తెచ్చేదానివి కదా, ఆమె పెరుగు ఆమెకుండేది, తెల్లారేపాటికి మన చట్టిలోనూ పెరుగే. ఈ మంట తెచ్చే బ్యాక్టీరియా పురుగులదీ అదే కథ. వాటి అసలు డీఎన్ఏ కాక చిన్న ఉంగరం మాదిరి ఇంకో డీఎన్ఏ కొన్నిట్లో ఉంటాది, ప్లాస్మిడ్ అంటారు. మందును ముక్కలు చేసే ఎంజైమో, లోపలికొచ్చిన మందును బోరు మోటరు మాదిరి బయటికి తోడేసే పంపో, ఎట్ల చేసుకోవాలో దాంట్లో రాసుంటాది. పక్క పురుగుకు సన్నటి దారం లాంటిది చాపి దగ్గరికి లాక్కోని, ఉంగరంలో ఒక పోగు దానికి పంపుతాది, రెండో పోగు రెండూ ఎవరికి వాళ్లు అల్లుకుంటాయి. ఇచ్చినదానికి తగ్గేదేం లేదు.

మొన్న రాత్రి ల్యాబులో రెండు రకాల ఈ.కోలైని, అంటే పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాని, ఒకే గొట్టంలో కలిపి 37 డిగ్రీల్లో పెట్టి ఇంటికి పోయినా. ఒక్కోటీ ఒక్కో మందునే తట్టుకుంటాది. పొద్దున రెండు మందులూ కలిపిన ప్లేట్ల మింద పూసి మర్నాడు చూస్తే, విడిగా పెంచినవి పూసిన ప్లేట్లు ఖాళీ, కలిపి పెట్టిన దాంట్లో సగ్గుబియ్యం చల్లినట్ల తెల్లటి చుక్కలు, రెండు మందులూ తట్టుకున్న పురుగుల గుంపులు. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తాది.

జాతి కూడా చూసుకోవు ఇవి. జపానోళ్లు 1959లోనే చూసినారు, రక్తవిరేచనాల షిగెల్లా కాడ్నుంచి ఈ.కోలైకి నాలుగు మందులను తట్టుకునే గుణం ఒకేసారి పోయింది. ఇక్కడే స్వీడన్లో 2008లో మన దేశమాయన ఒకాయన, ఢిల్లీలో ఆస్పత్రిలో ఉండొచ్చినాడు, ఆయనకూ మూత్రం ఇన్ఫెక్షనే. ఆ ఇన్ఫెక్షన్ తెచ్చిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకు కార్బపెనెమ్ లాంటి పెద్ద మందులే పన్జేయలే, ఆ మందును తట్టుకునే జీన్ ఆయన పేగులోని ఈ.కోలైలోనూ దొరికింది. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టినారు, ఎన్‌డీఎమ్-1. మీటింగుల్లో ఆ పేరొస్తే అందరూ నా దిక్కే చూసినట్లుంటాది, నాకు రోషమొస్తాది, ఏం చేద్దాం.

మందు ఈ ఉంగరాలను పుట్టించదమ్మా, లేనివాటిని చంపి ఉన్నవాటికి జాగా చేస్తాది. నాయనను తిట్టడంలే, అందరూ చేసేదే. ఇంకో మాత్ర మింగకముందే అనంతపురం పెద్దాసుపత్రికి తీస్కపో, యూరిన్ కల్చర్ రాయమను, మూత్రంలోని పురుగును పెంచి చూసే పరీక్ష అది, ఏ మందు పన్జేస్తాదో దాంట్లో తెలుస్తాది. చలిజ్వరమో నడుము పక్క నొప్పో వస్తే ఆ పూటే పోండి. చిన్నాయన కాడున్న మాత్రలు వెనక్కి తీసుకో, కోపగించుకుంటే నా పేరు చెప్పు.

నాకేం అంటుకోదులే, గ్లౌజులు లేకుండా ఏదీ ముట్టను, ఒట్టు. సంక్రాంతికి రాలేను. ఆ మాట మళ్లా అడగొద్దు, నాకు మాత్రం ఉండదా. జేజి మోకాలు ఎట్లుంది?

రిపోర్టు వస్తే ఫోటో తీసి పంపు, వెలుతురులో తియ్యి, పోయినసారి నీ బొటనవేలే కనపడింది.

మీ పాప