పుస్తకాలను దాచినట్టే ఆటలనూ దాచాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో పాత సినిమాల రీ-రిలీజ్‌ల గురించి తరచూ రాస్తున్నారు. థియేటర్ల దగ్గర సందడి, ఫోర్‌కే ప్రింట్లు, తండ్రీకొడుకులు కలిసి వెళ్లి చూడటం, అన్నీ చదువుతున్నాను, బాగుంటున్నాయి. అలాంటి రీ-రిలీజే 2025 జూన్ 26న ఇంకొకటి జరిగింది. సిస్టమ్ షాక్ 2 అనే కంప్యూటర్ గేమ్, 1999 ఆగస్టులో మొదటిసారి వచ్చినది, ఇరవై అయిదేళ్లు దాటాక రీమాస్టర్ అయి, అంటే ఇప్పటి యంత్రాలకు తగ్గట్టు మెరుగులు దిద్దుకుని, మళ్లీ వచ్చింది. రెండు వారాల తర్వాత జూలై 10న ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ అనే గేమ్ మెషీన్లలోకి కూడా వచ్చేసింది. తెలుగు పేపర్లలో దాని గురించి ఒక్క ముక్క నా కంట పడలేదు. గేమ్స్ అనగానే మనకు వచ్చే వార్తలు రెండే రకాలు, పిల్లలు ఫోన్లకు అలవాటు పడ్డారనేది ఒకటి, ఆన్‌లైన్ పేకాటలో ఎవరో డబ్బు పోగొట్టుకున్నారనేది ఇంకొకటి. ఆ వార్తలు రావాల్సినవే. కానీ ఆట అనేది కొందరు కూర్చుని ఏళ్ల తరబడి తయారుచేసే వస్తువని, దానికీ ఒక చరిత్ర ఉంటుందని కూడా ఎవరో ఒకరు రాయాలి కదా. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే పూర్తిగా వేయండి.

ముందు ఈ ఆట ఏమిటో చెబుతాను. కథ 2114లో జరుగుతుంది. వాన్ బ్రాన్ అనే పెద్ద అంతరిక్ష నౌక, దానికి కాపలాగా అంటుకుని వెళ్లే రికెన్‌బ్యాకర్ అనే యుద్ధనౌక. శీతల నిద్రలోంచి మీరు లేచేసరికి నౌకలో దాదాపు అందరూ చనిపోయి ఉంటారు, కొందరు చావకుండా వేరే ఏదో అయిపోయి ఉంటారు, ఒక డాక్టరమ్మ గొంతు మాత్రం రేడియోలో మీకు దారి చెబుతుంటుంది. మీ చేతిలో ఉండేది ఒక రెంచి. తుపాకీ దొరికినా గుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి, కాల్చే కొద్దీ తుపాకీ అరిగి మొరాయిస్తుంది, దాన్ని బాగుచేయాలన్నా మీకు ఆ విద్య వచ్చి ఉండాలి.

ఈ 'విద్య వచ్చి ఉండటం' అనేదే ఆ ఆటలో అసలు సంగతి. అంతకు ముందు షూటింగ్ గేమ్ అంటే పరిగెత్తి కాల్చడం. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఒక పాత్రను ఎంచుకుని, దానికి ఏ బలం పెంచాలి, ఏది వదులుకోవాలి అని ఆలోచిస్తూ కట్టుకుంటూ పోవడం. ఈ రెండింటినీ కలిపి ఒకే వంటగా వండారు. మొదట్లోనే మెరైన్ అవుతావా, నేవీలో చేరతావా, మనశ్శక్తితో పనిచేసే ఓఎస్ఏలో చేరతావా అని అడుగుతుంది, ఆ తర్వాత మూడు పోస్టింగులు మీరే ఎంచుకోవాలి. మెరైన్‌కి తుపాకులు అలవాటు. నేవీ వాడికి హ్యాకింగ్, మరమ్మతు వస్తాయి కాబట్టి వస్తువులు అమ్మే యంత్రాన్ని హ్యాక్ చేసి గుళ్లు తక్కువ రేటుకు తెచ్చుకుంటాడు, కాపలా కెమెరాలను కాసేపు నిద్రపుచ్చుతాడు. మూడోవాడికి ఈ రెండూ సరిగా రావు, వాడి దారి వాడిది. సైబర్ మాడ్యూళ్లు అని కొన్ని దొరుకుతాయి, వాటిని ఖర్చుపెట్టి నేర్చుకోవాలి, అన్నీ నేర్చుకునేన్ని ఎప్పటికీ దొరకవు. ఒక తలుపు ముందు నిలబడి, దీన్ని తెరవడం నేర్చుకుందామా లేక రైఫిల్ నేర్చుకుందామా అని నేను పది నిమిషాలు ఆలోచించిన సందర్భాలున్నాయి. షూటింగ్ గేమ్‌లో నిలబడి ఆలోచించడం నాకు అదే మొదలు.

ఇంక ఆ శబ్దాలు. నౌకలో అక్కడక్కడా సిబ్బంది వదిలిపోయిన గొంతు రికార్డులు దొరుకుతాయి, వాటిని వింటూ వాళ్లకు ఏం జరిగిందో మనమే కూడబలుక్కోవాలి. ఒక అధికారి కోపం, ఒక జంట పారిపోవాలని చేసుకునే ప్రయత్నం, ఒక శాస్త్రవేత్త చేసిన తప్పు, అన్నీ ముక్కలు ముక్కలుగా. షోడాన్ అనే యంత్రబుద్ధికి టెర్రీ బ్రోషియస్ ఇచ్చిన గొంతు విన్నవాళ్లు మర్చిపోరు, ఒకే వాక్యంలో నాలుగు గొంతులు పలికినట్టు, తడబడుతూ, మన మీద జాలిపడుతున్నట్టు ఉంటుంది. ఆమె కథలోకి ఎలా వస్తుందో ఇక్కడ చెప్పను, కొత్తగా ఆడేవాళ్లకు ఆ ఘట్టం అలాగే మిగలాలి.

నేను దీన్ని 2001లో ఆడాను. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే రోజులు, మా మిత్రుడు సికింద్రాబాద్ వెళ్లి తెచ్చిన కాపీ సీడీ అది, మందపాటి పెన్నుతో పేరు రాసి ఉండేది. అసలు సీడీ మా ఊళ్లో ఎక్కడా అమ్మేవాళ్లు కాదు, అమ్మినా కొనే డబ్బు లేదు. నాలుగు రూముల వాళ్లకు కలిపి ఒకటే కంప్యూటర్, రాత్రి పదకొండు తర్వాత నా వంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చీకట్లో కూర్చుంటే, కారిడార్ చివర ఎవడో తనలో తాను గొణుక్కుంటూ నడుస్తున్న చప్పుడు వినపడేది. వాడు కనపడక ముందే నా అరచేతులు తడిసిపోయేవి.

ఉద్యోగం వచ్చాక, 2007లో అనుకుంటా, కొత్త కంప్యూటర్ కొని మొదట ఈ సీడీయే పెట్టాను. ఆట మొదలవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఒకటికి మించి కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఉన్న ప్రాసెసర్ వస్తుందని 1999లో ఆ ఇంజిన్, అంటే ఆటను నడిపించే ప్రోగ్రామ్, రాసినవాళ్లు అనుకోలేదు, ఆటను బలవంతంగా ఒక్క కోర్‌కే కట్టేస్తే గానీ నడిచేది కాదు. సరే, న్యాయంగా డబ్బిచ్చి కొత్త కాపీ కొందామంటే ప్రపంచంలో ఎక్కడా అమ్మకానికి లేదు. పాత డబ్బాలు వేలంలో కొనుక్కోవాల్సిందే. ఇంత పేరున్న ఆట ఎందుకు దొరకదో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

కారణం హక్కుల కాగితాలు. ఆటను తయారుచేసింది రెండు కంపెనీలు, ఇర్రేషనల్ గేమ్స్, లుకింగ్ గ్లాస్ స్టూడియోస్. లుకింగ్ గ్లాస్ 2000 మే నెలలో మూతపడింది. సిస్టమ్ షాక్ అనే పేరు మీద హక్కు ప్రచురణకర్త ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గర ఉండిపోయింది, ఆట మీద హక్కు మాత్రం ఒక బీమా కంపెనీ చేతికి వెళ్లింది. బీమా కంపెనీకి గేమ్‌తో ఏం పని? ఏ పనీ లేదు, అందుకే బీరువాలో పడి ఉంది. ఇర్రేషనల్ వాళ్లు 2007లో బయోషాక్ తీసి లోకమంతా పేరు తెచ్చుకున్నారు, ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన కెన్ లెవిన్ పేరు అందరికీ తెలిసింది. ఆయన అంతకు ముందు తీర్చిదిద్దిన ఈ ఆటను కొనుక్కుని ఆడే దారి మాత్రం అప్పటికీ లేదు.

దాన్ని బయటకు తెచ్చింది స్టీఫెన్ కిక్ అనే కుర్రాడు. గేమ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం మానేసి మధ్య అమెరికా దేశాలు తిరుగుతూ, గ్వాటెమాలాలో ఉండగా తన ల్యాప్‌టాప్‌లో ఈ ఆట పెట్టుకుంటే నడవలేదు. నాకు జరిగిందే ఆయనకూ జరిగింది. నేను విసుక్కుని ఊరుకున్నాను, ఆయన హక్కు ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ వెళ్లి ఆ బీమా కంపెనీ తలుపు తట్టాడు. అలా పుట్టిందే నైట్‌డైవ్ స్టూడియోస్. 2013 ఫిబ్రవరిలో జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో సిస్టమ్ షాక్ 2 మళ్లీ అమ్మకానికి వచ్చింది, కొద్ది నెలల్లో స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ దుకాణంలోకీ వచ్చింది. నేను మొదటి వారంలోనే కొన్నాను, పన్నెండేళ్ల పాత బాకీ తీర్చినట్టు అనిపించింది.

ఇందులో పేరు లేని వ్యక్తి ఒకరున్నారు, వారి గురించి చెప్పకపోతే తప్పు. 2012లో ఎవరో 'ల కోర్బో' అనే మారుపేరుతో ఈ ఆట ఇంజిన్‌ను కొత్త కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి ఒక ప్యాచ్‌ను, అంటే ఆటను సరిచేసే ఫైల్‌ను, ఊరికే అందరికీ ఇచ్చేశారు. ఆ ఇంజినే వాడిన థీఫ్ ఆటలకు కూడా అది పనికొచ్చింది. ఎవరో, ఏ ఊరో ఇప్పటికీ చెప్పుకోలేదు, డబ్బు అడగలేదు. చట్టం ప్రకారం వారికి ఆ ఆట మీద ఏ హక్కూ లేదు, కానీ ఆట బతికింది అలాంటి చేతుల మీదుగానే.

ఇక ఇప్పటి రీమాస్టర్ సంగతి. నైట్‌డైవ్ వాళ్ల సొంత కెక్స్ ఇంజిన్ మీదకు మార్చారు. మనుషుల బొమ్మలు, తుపాకులు, కదలికలు కొత్తగా చేశారు, వెడల్పు తెరకు సరిపోతుంది, టీవీ ముందు కంట్రోలర్‌తో ఆడొచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి ఆడే పద్ధతి ఇప్పుడు వేర్వేరు మెషీన్ల మధ్య కూడా పనిచేస్తుంది. ఆట లోపలి లెక్కలు, నౌక నిర్మాణం, ఆ గొంతులు, వాటి జోలికి పెద్దగా వెళ్లలేదు, అది సంతోషం. నాకు నచ్చనిది ఒకటుంది. పాత బొమ్మల్లో ముఖాలు చెక్క మీద చెక్కినట్టు మొరటుగా ఉండేవి, సగం చీకట్లో అవి ఏమిటో సరిగా తెలియకపోవడమే భయపెట్టేది. ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి, నా భయం కొంత తగ్గింది. అయినా 1999 నాటి ఆటను కూడా పక్కనే అమ్మకంలో ఉంచారు, ఎవరికి ఏది కావాలో వాళ్లు తీసుకోవచ్చు. రీ-రిలీజ్ అంటే ఇలా చేయాలి. మాయాబజార్‌కు 2010లో రంగులు వేసినప్పుడు మన ఇళ్లలో ఎంత వాదన జరిగిందో గుర్తుంది కదా. నలుపు తెలుపు ప్రింటు మిగిలి ఉంది కాబట్టే ఆ వాదనకు అర్థం ఉంది, అదే లేకపోతే వాదించుకోవడానికి ఏం మిగిలేది?

అన్ని ఆటలకూ ఈ అదృష్టం లేదు. 2000లో నో వన్ లివ్స్ ఫరెవర్ అని ఒక మంచి షూటింగ్ గేమ్ వచ్చింది. ఇదే నైట్‌డైవ్ వాళ్లు దాన్నీ బయటకు తేవాలని ప్రయత్నించారు. హక్కులు తమ దగ్గర ఉన్నాయో లేవో పెద్ద పెద్ద కంపెనీలు గట్టిగా చెప్పలేకపోయాయి, పాత కాగితాలు వెతికే ఓపిక వాళ్లకు లేకపోయింది, తర్వాత గొడవ వస్తుందేమోనని మాత్రం భయపెట్టాయి. నైట్‌డైవ్ వాళ్లు చేతులెత్తేశారు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం అక్కడ విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకవు. పరిశోధకులు దూరం నుంచి ఆడి చూసుకునేలా లైబ్రరీలకు అనుమతి ఇవ్వమంటే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ ఆఫీసు కాదంది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారేమో. మా కాలేజీ మిత్రుడు, ఆ సీడీ తెచ్చినవాడే, హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ కంపెనీలో చేరి పాత జావా ఫోన్ల కోసం ఒక ఆట చేశాడు. రెండేళ్ల పని. కంపెనీ మూసేశారు, కంప్యూటర్లు హార్డ్ డిస్కులతో సహా పాత సామాను కొనేవాడికి అమ్మేశారు. ఆ ఆట ఇవాళ ఎక్కడా లేదు, చేసినవాడి దగ్గర కూడా లేదు. ఒక కాగితం మీద ప్రింట్ తీసుకున్న బొమ్మ ఒక్కటి మిగిలింది. తొమ్మిదో తరగతి చదివే వాళ్లమ్మాయి, నాన్నా నువ్వు చేసిన గేమ్ చూపించు అని అడిగితే ఆ కాగితం చూపించాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పటి నుంచి ఈ విషయం నా మనసులో మెదులుతూనే ఉంది.

మన దేశంలో 1954 నుంచి ఒక చట్టం ఉంది. పుస్తకం అచ్చేసిన ప్రతివాళ్లూ ముప్పై రోజుల్లో ఒక కాపీ కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, ఇంకో మూడు గ్రంథాలయాలకు తలా ఒకటి సొంత ఖర్చుతో పంపాలి. 1956లో పత్రికలను కూడా దాని కిందకు తెచ్చారు, అంటే మీ పత్రిక కూడా అలా చేరుతున్నదే. వందేళ్ల తర్వాత ఎవరైనా మీ ఇవాళ్టి సంచిక చదవాలంటే దారి ఉంది. ఆటలకు ఆ దారి లేదు. ఫ్రాన్స్‌లో 1992 చట్టం నుంచే వీడియో గేమ్‌లు కూడా జాతీయ గ్రంథాలయానికి చేరుతున్నాయి, కాబట్టి ఇది కుదరని పనేమీ కాదు. ఇక్కడ విడుదలయ్యే ప్రతి ఆటదీ నడిచే కాపీ ఒకటి, వీలైతే సోర్స్ కోడ్, అంటే ఆటను రాసిన అసలు ప్రోగ్రామ్ కూడా, ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో పెట్టాలని చట్టం మార్చాలి. అమ్మడానికి వద్దు, కంపెనీ లాభం ముట్టుకోవద్దు, దాచి ఉంచితే చాలు. కంపెనీ మూతపడి ఇన్నేళ్లయితే చూసుకోవచ్చు అని ఒక గడువు పెట్టుకోవచ్చు. గేమింగ్ రంగానికి రాయితీలు ఇస్తామని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెబుతున్నాయి, ఆ రాయితీ తీసుకునే కంపెనీలకు ఈ షరతు ఇప్పుడే పెట్టొచ్చు, దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

మిమ్మల్ని అడిగేది ఒకటి. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా గేమ్ స్టూడియోలు పనిచేస్తున్నాయి. ఒక విలేఖరిని పంపించి, మొదటి రోజుల్లో మీరు చేసిన ఆటలు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఎవరి దగ్గరున్నాయి, నడుస్తాయా అని అడిగించండి. మూతపడిన కంపెనీల్లో పనిచేసినవాళ్లు ఇప్పుడు నలభైల్లో ఉంటారు, వాళ్ల ఇళ్లలో అటక మీద పాత సీడీలు, పెన్‌డ్రైవ్‌లు ఇంకా దొరకొచ్చు. పదేళ్లు ఆగితే అవీ చదవడానికి పనికిరావు. మా మిత్రుడు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాడు, ఆ కాగితం బొమ్మ కూడా ఇస్తానన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు