వానలో పుట్టిన పేరు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న పసిపిల్లల పేర్ల శీర్షికను నేను మొదటి వారం నుంచి చదువుతున్నాను. పేరు, దాని పక్కన ఒక్క మాటలో అర్థం, అంతవరకే మీరు ఇస్తున్నారు. ఏ ఇంట్లో, ఏ సందర్భంలో, ఎందుకు ఆ పేరు పెడతారో కూడా రాయించవలసిందిగా కోరుతూ, ఆఫ్రికా దక్షిణ భాగానికి చెందిన ఒక ఆడపిల్ల పేరును మీ ముందుంచుతున్నాను.

మా అమ్మాయి కుటుంబం కొన్నేళ్లుగా బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉంటున్నది. మృగశిర కార్తె దాటిన తర్వాత వాళ్లు హనుమకొండకు వచ్చినప్పుడు, మా మనుమరాలి స్నేహితురాలూ ఆ పిల్ల తల్లీ వెంట వచ్చారు. ఆ పిల్ల పేరు పులేంగ్. మా వాడ పిల్లలు ఆ పేరు వినగానే ‘పులి, పులి’ అని నవ్వారు. పెద్దలు వారించకపోగా తామూ నవ్వారు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని లోపలికి వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పిన నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

‘పులా’ అంటే బోట్స్వానా వారి సెత్స్వానా, లెసొతో దేశం వారి సెసొతో భాషలు రెండింటిలోనూ వాన. దానికి ‘ఎంగ్’ అనే ప్రత్యయం చేరితే, మనం వానకు ‘లో’ చేర్చినట్టే, పులేంగ్, అంటే ‘వానలో’ అవుతుంది. పేరు చివర వినిపించే ధ్వని మన ‘ఙ’యే. క వర్గం దిద్దించేటప్పుడు పిల్లల చేత పలికించి, ఆ పైన మనం దాదాపు మరచిపోయే అక్షరం అది.

వాన కురుస్తుండగా పుట్టిన ఆడపిల్లకు ఈ పేరు పెడతారు. బోట్స్వానాలో ఎక్కువ భాగం కలహారి ఎడారి నేల. నవంబరు నుంచి మార్చి వరకు పడే వానల మీదనే పశువుల మేతా, జొన్న పంటా ఆధారపడి ఉంటాయి. మన గటకను పోలిన జొన్న సంకటిని వారు ‘బొగోబే’ అంటారు. 1966లో స్వతంత్రమైన ఆ దేశం, 1976లో దక్షిణాఫ్రికా రాండ్‌ను వదిలి సొంత నాణెం తెచ్చుకున్నప్పుడు దానికి ‘పులా’ అనే పేరు పెట్టింది. వారి రాజ్యచిహ్నం మీద ఉన్నదీ ఆ ఒక్క మాటే. చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న లెసొతో దేశపు నినాదంలో శాంతి, సమృద్ధి అనే మాటల నడుమ వాన ఉంటుంది. సభలలో ప్రసంగం ముగియగానే జనం ‘పులా!’ అని కేక వేస్తారు. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగి కప్పతల్లి ఆడిన ఊళ్లు మనవి. పాకాల, రామప్ప చెరువుల నీళ్లతో పండించుకున్న వాళ్లం మనం. ఆ పేరు విని నవ్వవలసినవాళ్లం కాము.

అక్కడ అన్ని పేర్లూ సంతోషంతో పెట్టినవి కావు. ఇంట్లో చావు జరిగిన రోజుల్లో పుట్టిన పిల్లకు దికెలేది, అంటే కన్నీళ్లు, అని గాని, ఓదార్పు అనే అర్థం గల మాత్సెదిసో అని గాని పెట్టడం ఉన్నది. ‘ఇనా లెబె సెరోమో’, చెడ్డపేరు అపశకునం, అనే సామెత ఉన్నవాళ్లు కూడా పోయినవారి జ్ఞాపకాన్ని బిడ్డ పేరులో దాచుకుంటారు. మన పెంటమ్మ సంగతి గుర్తు చేసుకోండి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మృత్యువు చూపు పడకుండా ఉండాలని పెట్టిన పేరు అది. ఐలోని (ఐనవోలు) మల్లన్నకు మొక్కుకుంటే పుట్టిన ఐలమ్మలు, కొమురవెల్లి దేవుని పేరు గల కొమురమ్మలు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. నానమ్మ పేరు చెప్పడానికి సిగ్గుపడే పిల్లలను నేను తరగతిలో చూశాను. ఆ పేరు వెనుక ఒక తల్లి పడిన భయం ఉన్నదని చెప్పినవారు వారికి లేరు.

మరొక ఆచారం కూడా చెప్పాలి. సెసొతో మాట్లాడే బసొతోలలో కొత్తకోడలికి అత్తవారు, ఇంకా పుట్టని బిడ్డ పేరుకు ముందు తల్లి అనే అర్థం గల ‘మా’ చేర్చి పేరు పెడతారు. ఆ పేరు తర్వాత తొలి సంతానానికి వస్తుంది. సెత్స్వానాలోనూ తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తారు, ఏ స్త్రీనైనా ‘మ్మా’ అని గౌరవంగా సంబోధిస్తారు. మా ఇంటావిడ ఆ అతిథిని మన తీరులోనే ‘పులేంగ్ అవ్వా’, అంటే పులేంగ్ తల్లీ, అని పిలిచినప్పుడు, ఆమె భాష తెలియకపోయినా వెంటనే పలికింది.

మీ శీర్షికలో పెంటమ్మతో మొదలుపెట్టి ఇటువంటి పేర్లను వాటి కథలతో సహా ప్రచురించండి. వృద్ధుల దగ్గర విని రాసి పంపడానికి మా వాడలో నేను సిద్ధంగా ఉన్నాను. ఇతర దేశాల పేర్లు వేసేటప్పుడు ఆ భాష వారిని అడిగి, వారు పలికినట్టే రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హనుమకొండ.