విటమిన్ బి12 ఇంజెక్షన్ల గురించి ఒక మాట

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరికాళ్లు తిమ్మిరెక్కి, కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది, పైగా పూర్తి శాకాహారి. ఈ రెండింటి వల్లా బి12 తగ్గవచ్చు. పరీక్షలో అది బాగా తక్కువని తేలింది. డాక్టరు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు రాశారు.

నీరసంగా ఉందని మందుల షాపులో అడిగి సూది వేయించుకోకండి, దయచేసి. ముందు రక్తపరీక్ష చేయించండి. సూది పడ్డాక చేయిస్తే అంకె పెరిగి అసలు లోపం కనిపించదు. ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రలతో సరిపెట్టుకోవద్దు. రక్తహీనత తగ్గినట్టే ఉంటుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. సిరంజి కవరు మీ ఎదుటే చించమనండి. మొదటి సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోండి, అరుదుగానైనా అలర్జీ రావచ్చు.

అమ్మకు ఇప్పుడు చెప్పు జారితే తెలుస్తోంది.