రైలు నడిస్తే చాలదు మంత్రి గారూ, ఆష్‌ఫర్డ్‌లో ఆగాలి

బ్రిటన్ రవాణా శాఖ మంత్రి హైడీ అలెగ్జాండర్ గారికి,

నమస్కారం. కెంట్ కౌంటీలోని ఆష్‌ఫర్డ్‌లో పద్నాలుగేళ్లుగా నివసిస్తున్న తెలుగు కుటుంబం మాది. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఆసుపత్రుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేస్తూ ఈ చుట్టుపక్కల ఉంటున్న మా వాళ్లు కూడా చదివి, తమ ఎంపీలను అడగాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా ఊరి స్టేషన్ పేరు ఆష్‌ఫర్డ్ ఇంటర్నేషనల్. పొద్దున లండన్ రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడితే, పక్కనున్న వంతెన మీదుగా, సముద్రం కింది సొరంగంలోంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు దూసుకుపోతుంది. పదహారు పెట్టెలు, దాదాపు తొమ్మిది వందల సీట్లు. పెట్టెలు లెక్కపెడదామని పిల్లలు వేలు ఎత్తేలోపే వెళ్లిపోతుంది. సుమారు అరగంటలో అది ఫ్రాన్స్ గడ్డ మీద ఉంటుంది. కింద మా స్టేషన్‌లో పాస్‌పోర్టు తనిఖీ కోసం కట్టిన హాలు మాత్రం మూసే ఉంటుంది.

2016 వేసవిలో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు ఇదే స్టేషన్‌లో రైలెక్కి పారిస్ వెళ్లాం. సముద్రం ఎప్పుడొస్తుందా అని అమ్మ కిటికీకి ఆనుకుని కూర్చుంది. చీకటి వచ్చింది, ఇరవై నిమిషాలు ఉంది, పోయింది. బయట ఫ్రెంచి బోర్డులు కనిపిస్తుంటే "సముద్రం దాటేశామా?" అని రెండుసార్లు అడిగింది. నాన్న వాచీ చూసుకుని, తెనాలి నుంచి రాజమండ్రి వెళ్లడానికి ఇంతకంటే ఎక్కువసేపు పడుతుందన్నారు. ఆష్‌ఫర్డ్ నుంచి పారిస్‌కు అప్పట్లో రెండు గంటలు కూడా పట్టేది కాదు.

2020లో కరోనా వచ్చింది. ఆష్‌ఫర్డ్‌లోనూ, కెంట్‌లోనే ఉన్న మరో స్టేషన్ ఎబ్స్‌ఫ్లీట్‌లోనూ యూరోస్టార్ ఆగడం మానేసింది. కరోనా తగ్గినా ఆ రైళ్లు తిరిగి ఆగలేదు. అంతకు రెండేళ్ల ముందే, 2018లో, కొత్త రైళ్లు మా స్టేషన్‌లో ఆగేందుకు వీలుగా సుమారు కోటి పౌండ్లు పోసి సిగ్నల్ వ్యవస్థను మార్చారు. అది ప్రజల సొమ్ము. ఇప్పుడు పారిస్ వెళ్లాలంటే ముందు లండన్ వెళ్లి, సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో వరుసలో నిలబడి, రైలెక్కి, మళ్లీ మా ఊరి మీదుగానే ముందుకు పోవాలి. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది ఈ ప్రయాణం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 30 ఏళ్లుగా కదలని వ్యవహారం ఇప్పుడు కదులుతోంది. 1994 నవంబరులో యూరోస్టార్ మొదలైన నాటి నుంచి సొరంగంలో ప్రయాణికుల రైళ్లు ఆ ఒక్క సంస్థవే. 2010 అక్టోబరులో జర్మనీ రైల్వే సంస్థ డాయిష్ బాన్ తన ఐసీఈ అనే హైస్పీడ్ రైలును సెయింట్ పాంక్రాస్ దాకా తెచ్చి నిలబెట్టింది. మూడేళ్లలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు నడుపుతామంది. ఫొటోలు దిగారు, రైలు వెనక్కి వెళ్లింది, అంతే. ఇన్నేళ్ల తర్వాత 2025 అక్టోబరు 30న రైలు, రోడ్డు నియంత్రణ సంస్థ తూర్పు లండన్‌లోని టెంపుల్ మిల్స్ రైళ్ల మరమ్మతు డిపోలో చోటు వాడుకోవడానికి వర్జిన్ ట్రైన్స్‌కు అనుమతి ఇచ్చింది. 2030 నుంచి పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లకు నడపాలని ఆ సంస్థ ఉద్దేశం. చోటు కోసం అడిగిన మిగతావాళ్లకు లేదనే సమాధానం వచ్చింది. కొత్తగా రావాలనుకున్న జెమిని, ఎవోలిన్ కూడా వాళ్లలో ఉన్నాయి.

ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. పోటీ వస్తే ఏమవుతుందో యూరప్‌లోనే చూశాం. ఇటలీలో 2012లో ఇతాలో అనే కొత్త రైలు సంస్థ వచ్చాక మిలాన్, రోమ్ మధ్య టికెట్ ధరలు దిగాయి. స్పెయిన్‌లో 2021లో విగో, 2022లో ఇర్యో సంస్థల రైళ్లు పట్టాలెక్కాక మాడ్రిడ్, బార్సిలోనా మధ్య చార్జీలు తగ్గాయి, రైలెక్కేవాళ్లు పెరిగారు. ముందున్న సంస్థ కూడా చవక రైళ్లు తేక తప్పలేదు. పోటీ వస్తుందన్న మాట వినపడగానే ఇక్కడా చలనం మొదలైంది. యూరోస్టార్ రెండంతస్తుల రైళ్లకు ఆర్డరు పెట్టింది, జెనీవా, ఫ్రాంక్‌ఫర్ట్ పేర్లు ఎత్తుతోంది.

కానీ మంత్రి గారూ, చిక్కు పట్టాల దగ్గర లేదు. లండన్ నుంచి సొరంగం దాకా వేసిన హైస్పీడ్ లైనులో దాదాపు సగం సామర్థ్యం ఖాళీగానే ఉందని దాన్ని నడిపేవాళ్లే చెబుతున్నారు. చిక్కంతా రెండు ఇరుకు చోట్ల ఉంది. ఒకటి డిపో. యూరప్ కొలతలకు కట్టిన పెద్ద రైళ్లను తీసుకెళ్లి మరమ్మతు చేసే చోటు దేశం మొత్తం మీద టెంపుల్ మిల్స్ ఒక్కటే. అందులో మిగిలిన ఒక్క మూల కోసమే ఇంతమంది పోటీపడాల్సి వచ్చింది. రెండో డిపో కట్టకపోతే మూడో సంస్థ రాదు.

రెండోది సెయింట్ పాంక్రాస్ హాలు. సొరంగం రైలెక్కేవాడు బ్రిటన్ గడ్డ మీదే ఫ్రెంచి పోలీసుల తనిఖీ కూడా ముగించుకోవాలి. 2025 అక్టోబరు నుంచి యూరప్ కొత్త పద్ధతి కింద వేలిముద్రలు, ఫొటో కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. మాలో ఇంకా భారత పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా చూపించే పని దీనికి అదనం. గంటకు 1,800 మందిని పంపగలిగే ఆ హాలును దాదాపు 5,000 మందికి సరిపడేలా మార్చాలన్న ఆలోచన ఉంది. మార్చండి, మంచిదే. మరి అదే లైను మీద, అదే పనికి కట్టిన రెండు హాళ్లు కెంట్‌లో ఊరికే పడి ఉంటే, ఉన్న ఒక్క హాలులోనే అందరినీ కుక్కడం ఏం ప్రణాళిక? కెంట్ జనం కెంట్‌లోనే ఎక్కితే లండన్ వరుసలో అంతమంది తగ్గుతారు. ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్ లండన్ చుట్టూ తిరిగే ఎం25 రహదారికి దగ్గరలో ఉంది. కారు పెట్టుకుని రైలెక్కాలనుకునేవారికి అంతకంటే అనువైన చోటు లేదు.

స్ట్రాట్‌ఫర్డ్ సంగతి చూడండి. ఆ స్టేషన్ పేరులోనూ ఇంటర్నేషనల్ ఉంది. కట్టిన నాటి నుంచి క్రమంగా నడిచే విదేశీ సర్వీసు ఒక్కటీ అక్కడ ఆగలేదు. లండన్ దాటి ఉత్తరాదికి నడపాలని 1990లలో కట్టిన సొరంగం రైళ్లు కూడా ఆ పనికి ఏనాడూ ఎక్కలేదు. పేరు పెట్టడం, కట్టడం, వదిలేయడం ఈ లైనుకు అలవాటుగా మారింది. ఆష్‌ఫర్డ్ ఆ జాబితాలో శాశ్వతంగా చేరుతుందేమోనని నా భయం.

యూరోస్టార్‌లో మీ దేశానికున్న 40 శాతం వాటాను 2015లో అమ్మేశారు. కాబట్టి ఫలానా చోట ఆపమని ఇంటి యజమానిలా చెప్పే హక్కు మీకు లేదని తెలుసు. అయినా సరిహద్దు సిబ్బందిని ఎక్కడ పెట్టాలన్నది ప్రభుత్వం చేతిలోని పని. ఆ యంత్రాల ఖర్చు ఎవరు భరించాలో తేల్చడం, ఫ్రెంచి పోలీసుల కోసం పారిస్‌తో మాట్లాడటం, రెండో డిపోకు స్థలం చూపించడం కూడా మీరే చేయగలరు. కంపెనీ ఏదైనా ముందు అడిగేది ఒక్కటే: ఆ స్టేషన్‌లో తనిఖీ ఉంటుందా, ఉండదా? ఉంటుందని మీరు రాతపూర్వకంగా చెబితే, టైంటేబుల్ వేసే దశలోనే మా ఊరికి చోటు దొరుకుతుంది. 2030 దగ్గరపడ్డాక చెబితే రైళ్లు, వేళలు, సిబ్బంది అన్నీ లండన్‌కే కుదిరిపోయి ఉంటాయి.

మా తెలుగు ఊళ్లలో ఎక్స్‌ప్రెస్ రైలుకు హాల్టు ఇవ్వమని ఊరంతా సంతకాలు పెట్టి ఎంపీకి వినతిపత్రం ఇస్తారు. రెండు నిమిషాలు ఆగే బండి కోసం ఏళ్ల తరబడి తిరుగుతారు. ఆ రెండు నిమిషాలతో ఊరి సంత, కాలేజీ, ఆసుపత్రి ఎలా మారతాయో వాళ్లకు తెలుసు. ఆష్‌ఫర్డ్ హోటళ్లవాళ్లకూ, ఫ్రెంచి నేర్పే బడి టీచర్లకూ, బ్రసెల్స్‌లో వారానికి రెండు రోజులు పనిచేసే మా పక్కింటాయనకూ అది తెలుసు.

మీరు ఒక్కసారి వచ్చి చూడండి. సెయింట్ పాంక్రాస్‌లో హైస్పీడ్ రైలెక్కితే నలభై నిమిషాల్లోపే మా ఊళ్లో దిగుతారు. నేను ప్లాట్‌ఫాం మీదే ఉంటాను. ఆ హాలు తాళం తీయించి, లోపల ఇంకా ఏం పనికొస్తుందో, ఏం మార్చాలో మీ అధికారులతో అక్కడే లెక్క వేయించండి.

గౌరవంతో,
ఆష్‌ఫర్డ్ నుంచి ఒక తెలుగు ప్రయాణికురాలు