మాట్లాడని పిల్లలకు మార్కులెందుకు తగ్గాలి?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బీ ఫార్మసీ థియరీ సబ్జెక్టుల్లో ఇంటర్నల్‌కు ఉండే 25 మార్కుల్లో 3 మార్కులు స్టూడెంట్–టీచర్ ఇంటరాక్షన్‌కు. క్లాసులో లేచి ప్రశ్నలడిగే పిల్లలకు ఆ మూడూ వచ్చేస్తాయి, వెనక బెంచీలో తల వంచుకుని నోట్సు రాసుకునే పిల్లకు మాత్రం ఒకటి వేసి ఊరుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే వేశాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మొన్న ల్యాబ్‌లో ఒంటికి పూసుకునే కాలమిన్ లోషన్ చేయించాం. పడమటి మండలాల నుంచి వచ్చిన ఒకమ్మాయి పొడులు కల్వంలో మెత్తగా నూరి, నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ ఒక్క ఉండ కూడా లేకుండా కలిపింది. సీసా మీద 'వాడే ముందు బాగా కుదపండి', 'పైపూతకు మాత్రమే' అని రెండు లేబుళ్లూ అంటించింది. గలగలా మాట్లాడే పిల్లల్లో ముగ్గురు రెండో లేబుల్ మర్చిపోయారు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, 'బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి పొడి) ఎందుకు వేశావు' అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం ఆ అమ్మాయి చున్నీ కొస పట్టుకుని నిలబడిపోయింది, నోరు పెగల్లేదు. కాగితం ఇచ్చాను. కరగని పొడి తొందరగా అడుక్కి దిగకుండా ద్రవాన్ని చిక్కగా చేస్తుందని తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసిచ్చింది. ఇందులో ఆమె స్వభావమెంత, ఇంగ్లీషు భయమెంత? వైవా మార్కుల షీటులో ఆ తేడా రాసే గడే లేదు.

అంతర్ముఖులు (తమలో తాము ఉండేవాళ్లు), బహిర్ముఖులు (నలుగురితో కలిసిపోయేవాళ్లు) అన్న విభజనను 1921లో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ వివరించాడు, అంతేగానీ ఒకరు తెలివైనవాళ్లు, ఒకరు మందకొడి అనలేదు. మనస్తత్వ శాస్త్రంలో ఇప్పుడు ఐదు ప్రధాన గుణాలను లెక్కలోకి తీసుకుంటారు. వాటిలో చదువుతో ఎక్కువ సంబంధం కనిపించేది పనిని బాధ్యతగా, క్రమం తప్పకుండా చేసే గుణానికే. బహిర్ముఖుల కలుపుగోలుతనానికి ఆ సంబంధం చాలా తక్కువ.

మందుల కౌంటర్ దగ్గర మాట్లాడాల్సిందే కదా అని తోటి లెక్చరర్లు అంటారు, నిజమే. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు కూడా రోగికి మందు గురించి వివరించాలనే చెబుతున్నాయి. అయితే ఆ మాట్లాడటం మనం నేర్పాలి గదా! కమ్యూనికేషన్ స్కిల్స్ మొదటి సెమిస్టర్‌లోనే ఉంది, దాన్నీ నోట్సు చెప్పి రాయించి ముగిస్తే, పిల్లలకు నోరు ఎక్కడ తిరుగుతుంది? మన దగ్గర కౌంటర్‌కు వచ్చే పెద్దవాళ్లకు మాత్ర అన్నం ముందా తర్వాతా అన్నది తెలుగులోనే చెప్పాలి, ఆ ప్రాక్టీసు కూడా తెలుగులోనే చేయించవచ్చు.

ఈ సెమిస్టర్ నుంచి నేను వైవాలో జవాబు చెప్పడానికి ముందు రెండు నిమిషాలు కాగితం మీద రాసుకోనిస్తున్నాను. క్లాసు అయ్యాక చీటీ మీద రాసిచ్చిన సందేహాన్నీ ఇంటరాక్షన్ కిందే లెక్కేస్తున్నాను. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు కూడా మొదటి ప్రశ్న ఒక్కటైనా తెలుగులో అడగాలని నా మనవి.

— ఒక ఫార్మసీ లెక్చరర్, తిరుపతి