దివిసీమకు చేరే మంచినీటి లెక్క కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

వరదల కాలంలో శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాల నీటిమట్టాలను, ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వదిలిన క్యూసెక్కులను మీ పత్రిక జిల్లా పేజీలో పట్టికగా వేస్తున్నందుకు కృతజ్ఞతలు. ఆ పట్టిక బ్యారేజీ దగ్గరే ముగిసిపోతోంది. అక్కడి నుంచి కృష్ణా నది ఇంకా 80 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, ఆ రెండు పాయల నడుమ దివిసీమ అనే పెద్ద లంకను నిలబెట్టి, ఆపైన సముద్రంలో కలుస్తుంది. ఆ లంకకు నది ఏ నెలలో ఎంత మంచినీరు తెచ్చిందో పాఠకులకు తెలిసే మార్గం లేదు. హైస్కూలులో చాలా ఏళ్లు భూగోళం చెప్పినవాడిగా, కోడూరు మండలంలో బంధువులున్నవాడిగా ఈ లోటును మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

దివిసీమ అనగానే మనకు 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. గుర్తుకు రావాల్సిందే. ఆ రాత్రి తాటిచెట్టు ఎత్తున లేచిన ఉప్పెన లంక లోపలి ఊళ్ల దాకా చొచ్చుకొచ్చి వేల ప్రాణాలను బలిగొన్నది. మృతులు దాదాపు 10,000 మంది అని అధికారిక లెక్కలే చెప్పాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లలో ఆ రాత్రిని చూసినవారు ఇప్పటికీ ఉన్నారు. అప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు గారు ఆ జనంలో ఒకరిగా ఉండి చేసిన సేవను అవనిగడ్డ నేటికీ తలచుకుంటుంది. తుఫాను షెల్టర్లు, కరకట్టలు ఆ విషాదం తర్వాతే మన పాలకుల ఆలోచనల్లో గట్టిగా చోటు చేసుకున్నాయి. అయితే ఏటా ఆ ఒక్క రోజున వ్యాసాలు వేసి మిగతా రోజుల్లో లంకను మరచిపోవడం న్యాయం కాదు. ఉప్పెన ఒక్క రాత్రిలో తెచ్చిన ఉప్పునీరు ఇప్పుడు ఏ చప్పుడూ లేకుండా, ప్రతి వేసవిలోనూ కొంచెం కొంచెంగా వస్తోంది.

పైనుంచి మంచినీటి ప్రవాహం ఉన్నంతకాలం నది సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. ప్రవాహం ఆగిపోతే పోటు సమయంలో ఉప్పునీరు పాయల వెంట పులిగడ్డ దాకా ఎగదన్నుతుంది. దివిసీమ నేల కింద మంచినీరు లోతుగా ఉండదు. పాత ఇసుక మేటల్లో వాననీరూ కాలువ నీరూ ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. అందుకే అక్కడ ఫిల్టర్ పాయింటును, అంటే లోతు తక్కువ బోరును, పైపైనే దింపుతారు. కాస్త లోతుకు వెళ్లినా, మోటారు ఎక్కువసేపు ఆడినా ఉప్పు తగులుతుంది.

పొలాల సంగతి చెప్పాలంటే అవుట్‌ఫాల్ స్లూయిజుల దగ్గరకు వెళ్లి చూడాలి. మురుగు కాలువ సముద్రపు పాయలో కలిసే చోట కట్టే ఆ తూము తలుపు పోటు వచ్చినప్పుడు నీటి ఒత్తిడికి మూసుకుని, పాటులో తెరుచుకుని పొలాల మురుగును బయటకు వదలాలి. మా బంధువుల పొలం దాపున ఉన్న తూముకు తలుపు అడుగు అంచు తుప్పు పట్టి, చెయ్యి దూరేంత సందు పడింది. పోటు వేళ ఆ సందులోంచి నీరు లోపలికి బుగ్గలుగా పొంగి రావడం నేను కళ్లారా చూశాను. కాలువ గట్టు పొడవునా తెల్లటి చౌడు పూసి ఉంది, గట్టు పక్క మళ్లలో వరి దుబ్బులు ఎర్రబారి ఉన్నాయి. 'సార్వా ఎలాగో గట్టెక్కుతుంది మాస్టారూ, ఆ తర్వాత చల్లే మినుముకే ఈ చౌడుతో చావొచ్చింది' అన్నాడు అక్కడి కౌలు రైతు. ఇలాంటి భూములే ఒకదాని తర్వాత ఒకటి రొయ్యల చెరువులుగా మారుతున్నాయి, ఆ చెరువుల ఉప్పు పక్క పొలాలను చౌడు చేస్తోంది. రైతును తప్పుపట్టే ముందు తూము తలుపును బాగు చేయాలి.

బ్యారేజీ దాటిన ప్రతి చుక్కా వృథా అన్న మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. దానితో నేను ఏకీభవించలేను. గొల్లమత్తపాయ, నడిమేరు, హంసలదీవి పాయల దరిన పెరిగే మడ అడవులకు మంచినీరూ ఉప్పునీరూ కలిసిన నీళ్లే ఊపిరి. బావురు పిల్లి తిరిగేది అక్కడే, యానాదులు పీతలు పట్టుకుని బతికేది అక్కడే, రొయ్య పిల్ల పెరిగేదీ అక్కడే. తుఫాను గాలికీ అలకూ మొదటి అడ్డు కూడా ఆ అడవే. ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోయిన తర్వాత కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం కోతకు గురవుతోందని పరిశోధకులు చెబుతున్నారు. అవనిగడ్డ మండలం ఎడ్లంకలో నది కోతకు ఇళ్లు పోగొట్టుకున్నవారి గోడు మీ పత్రికల్లోనే వచ్చింది.

2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత. అంత నీరూ చూస్తుండగానే దాటిపోయింది. ఎండలు ముదిరేసరికి అదే లంకలో మంచినీటికి కటకట మొదలవుతుంది. పట్టిసీమ నుంచి గోదావరి నీరు రావడం వల్ల డెల్టాలో నాట్లు ముందుగా పడుతున్న మాట నిజమే, కానీ ఆ నీరు పులిగడ్డ అక్విడెక్టు (నది పాయ మీదుగా కాలువ నీటిని దివిసీమకు దాటించే వంతెన) దాటి శివారు చేలకు చేరేసరికి ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. చోడవరం, బండికొల్లంకల దగ్గర కొత్త బ్యారేజీల ప్రతిపాదన గురించి కూడా ఇదే అడగాలి. ఆ కొత్త బ్యారేజీలకు ఎగువ ఊళ్లకు ఉప్పు బెడద తగ్గవచ్చు. వాటి దిగువన ఉండే దివిసీమకు ఏడాది పొడవునా ఎంత నీరు వదులుతారో ముందే రాసి పెట్టాలి.

కనుక నా మనవి ఇది. జలాశయాల పట్టిక కిందనే, పులిగడ్డ అక్విడెక్టు ద్వారా ఆ రోజు వెళ్లిన నీటిని, నాగాయలంక, కోడూరు దగ్గర నది నీటిలోని ఉప్పు శాతాన్ని జలవనరుల శాఖ నుంచి తెప్పించి ప్రచురించండి. వరదల్లో రోజూ, వేసవిలో కనీసం వారానికోసారి వేసినా చాలు. దివిసీమలోని అవుట్‌ఫాల్ స్లూయిజులలో ఎన్నింటికి తలుపులు సరిగా పడుతున్నాయో మీ విలేకరులు ఊరూరా తిరిగి రాస్తే, వచ్చే ఏడాది మరమ్మతుల పనులు ఖరారయ్యేలోగా ఆ వివరాలు రైతుల చేతిలో ఉంటాయి.

భవదీయుడు,
విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు,
విజయవాడ